వేట లేని త్రైమాసికం

బ్యాంకు ఫలితాలు వచ్చే రోజు నాకు మధ్యాహ్నం అన్నం సయించదు. డైరెక్టర్ల మీటింగు ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. అది ముగిసిన కాసేపటికి స్టాక్ ఎక్స్ఛేంజి వెబ్‌సైట్లో ఒక పీడీఎఫ్ పడుతుంది. స్కాన్ చేసిన కాగితం, ఒక్కోసారి వంకరగా కూడా ఉంటుంది. దాన్ని ఫోన్లో వేళ్ళతో పెద్దది చేసి మొదటి వరస చూసేటప్పుడు నా గుండె చప్పుడు నాకే వినిపిస్తుంది. యాభై దాటిన మనిషికి ఇదేం పిచ్చి అంటుంది మా ఆవిడ.

మా బ్యాంకు అంటాను గానీ నాకు అందులో ఉద్యోగం లేదు, కాసిని షేర్లున్నాయి. ఉత్తరాంధ్ర జిల్లాల్లో బ్రాంచీలున్న చిన్న ప్రైవేటు బ్యాంకు అది. బోట్ల వాళ్ళకీ, రొయ్యల వ్యాపారులకీ, వన్ టౌన్ హోల్‌సేల్ షాపులకీ, లారీలకీ అప్పులిస్తుంది. మేముండే కూర్మన్నపాలెంలో నాతోపాటు మరికొందరు స్టీల్ ప్లాంటు వాళ్ళకి కూడా అందులో షేర్లున్నాయి. అందరి చేతా కొనిపించింది మా బావ. మా వైపు మగవాళ్ళు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. ఈయన మాత్రం మా అక్క భర్త, అసలు బావ. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో భాగస్తుడు. మా వాళ్ళందరికీ ఆయన ఐసు బావ. ఆదివారాలు అక్కతో కలిసి మా ఇంటికి వచ్చి, సాయంత్రం నాతోపాటు జంక్షన్ దగ్గరి టీకొట్టుకి వచ్చేవాడు. అక్కడ మా వాళ్ళు అడిగితేనే చెప్పాడు, ఆ బ్యాంకు షేరు మంచిదని. "ఊరికి దూరంగా ఉన్న కంపెనీ సంగతి మనకేటి తెలుస్తాది? ఇది మన కళ్ళ ముందుంటాది" అన్నాడు. తన ఫ్యాక్టరీకి ఆ బ్యాంకులోనే అప్పుందని కూడా ఆ రోజే, ఆయనే చెప్పాడు. ఈ మాట గుర్తుంచుకోవాలి. నేను తర్వాత చేసిన పాడు పని దీంతోనే.

టీకొట్టు దగ్గర మాకొక పద్ధతి ఉండేది. మూడు నెలలకోసారి ఫలితాలు రాగానే షిఫ్టులో లేనివాళ్ళంతా పోగయ్యేవారు. ఒకరు గట్టిగా చదవాలి, మిగిలినవాళ్ళు వినాలి. చదివేవాడి టీ, బజ్జీల ఖర్చు వినేవాళ్ళది. ఆ చదివేవాణ్ణి నేను. ప్లాంటు డెస్పాచ్ ఆఫీసులో నెలవారీ రిపోర్టులు తయారు చేసేవాణ్ణి కాబట్టి అంకెలు నాకు లొంగుతాయని అందరి నమ్మకం. అందరికంటే ఎక్కువ నమ్మకం నాకే. కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, లారీల హారన్ల మీదుగా గొంతు పెంచి, "వడ్డీ ఆదాయం పెరిగింది" అనగానే పదిమంది తలలు నా ఫోను మీదకి వంగేవి. ఆ సంతోషం ముందు జీతం పెరిగిన సంతోషం కూడా తక్కువే.

ఈ ఏడాది జూన్‌తో ముగిసిన త్రైమాసికం ఫలితాలు అలాగే చదివాను. లాభం పడిపోయింది. మొండి బాకీలు, అంటే వాయిదా కట్టకుండా మూడు నెలలు దాటిన అప్పులు, ముందు త్రైమాసికం మీద బాగా పెరిగాయి. నా ఒళ్ళు ఝల్లుమంది. చెడ్డ వార్త చదవడంలో కూడా ఒక ఉత్సాహం ఉంటుందని ఆ రోజే తెలిసింది నాకు. "అయిపోయింది, బ్యాంకు మునిగిపోతంది" అన్నాను.

ఆ పేజీలో అంకెలు నాలుగు నిలువు వరసల్లో ఉంటాయి. మొదటిది ఈ త్రైమాసికం. రెండోది దీనికి ముందు త్రైమాసికం. మూడోది నిరుడు ఇదే త్రైమాసికం. నాలుగోది పోయిన ఏడాది మొత్తం. నేను చూసింది మొదటి రెండే. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ నేను చేసిన రిపోర్టులన్నిటిలోనూ ఈ నెలని పోయిన నెల పక్కన పెట్టడమే అలవాటు. ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసుకి సీజనంటూ లేదు. పగలూ రాత్రీ, ఎండలోనూ వానలోనూ మండుతూనే ఉంటుంది. పోయిన నెల కంటే తగ్గిందంటే ఎక్కడో ఏదో చెడిందనే లెక్క. ఆ కళ్ళతోనే బోట్లకి అప్పులిచ్చే బ్యాంకుని చూశాను.

బావ ఆ సాయంత్రం అక్కడే ఉన్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, "అది కాదురా. ఏప్రిల్ మజ్జినుంచి జూన్ మజ్జి దాకా వేట బందు కదేటి. బోట్లన్నీ జెట్టీకి కట్టేసుంటాయి. మార్చి వాయిదా తప్పినోళ్ళు మరి ఎక్కణ్ణుంచి కడతారు? ఇప్పుడు వేట మొదలైనాది, అదే దిగుతాది" అన్నాడు.

చేపలు గుడ్లు పెట్టే కాలంలో సముద్రంలో వేట నిషేధిస్తారని ఈ ఊళ్ళో తెలియనివాడు లేడు. ఆ రోజుల్లో గాజువాక మార్కెట్లో చేప ముట్టుకోలేక కోడిగుడ్లతో సరిపెట్టుకున్నది నేనే. అయినా ఆ క్షణంలో అందరూ నా మొహం కాకుండా ఆయన మొహం చూస్తున్నారు. నాకది నచ్చలేదు.

"అంటే బేంకుని కూడా నీ ఐసులో పెట్టీమంటావేటి బావా, కుళ్ళిపోకండా?" అన్నాను.

అందరూ పడీపడీ నవ్వారు. బావ కూడా నవ్వాడు. టీ తాగి, అక్కని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన బస్సెక్కాక, "అయినా ఆయన ఫ్యాక్టరీ అప్పు అక్కడే కదా. మేనేజరు దగ్గర మంచి అనిపించుకోవాల కదేటి" అన్నాను. మామూలుగానే అన్నాను. దాంతో బావ మాకు ఆ షేర్లు అంటగట్టాడనే మాట పుట్టింది. పుట్టించింది నేను. ఇంకెవరూ కాదు. మర్నాడే మా గుంపులోని క్రేన్ ఆపరేటరు తన షేర్లన్నీ నష్టానికి అమ్మేశాడు. ఐసు బావ మోసగాడని క్యాంటీన్లో అందరి ముందూ అన్నాడు. అది తిరిగి తిరిగి బావ చెవిన పడింది. ఆయన మా ఇంటికి రావడం మానేశాడు.

ఇంతవరకూ అయితే తప్పు చదివానని సరిపెట్టుకోవచ్చు. వారం తిరగకుండా ఇంకొకటి జరిగింది. బ్యాంకు మీద మరో నాలుగు రాళ్ళు వేద్దామని, సరుకు కోసం పాత ఫలితాలన్నీ తీశాను. ఒక్కో ఏడాదీ చూస్తూ పోయాను. ఏటా జూన్‌లో మొండి బాకీలు లేచాయి. ఏటా సెప్టెంబర్‌లో దిగాయి. సముద్రపు పోటూ ఆటూ లాగ ఉంది వరస. నేను చదివిన కాగితంలోనే, నా వేలికి పక్కనే, మూడో వరసలో నిరుటి జూన్ అంకె ఉంది. ఇప్పటి దానికి ఇంచుమించు సమానంగా ఉంది.

అబద్ధం ఎందుకు, అంత అందమైన వరస కనబడినందుకు ముందు సంబరపడ్డాను. ఆ తర్వాతే సిగ్గేసింది. మర్నాడు టీకొట్టుకి వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను. నన్ను చూడగానే కొట్టువాడు, "రండి సార్, బేంకు మునుగుతాదని మీరు ముందే పట్టీసినారంట కదా" అని బెంచీ తుడిచాడు. చెప్పలేదు. ఆ తర్వాతి వారం కూడా చెప్పలేదు. సెప్టెంబర్ ఫలితాలు వచ్చేదాకా ఆ బెంచీ మీద కూర్చుని, తెలిసినవాడిలాగ టీ తాగాను.

ఫలితాలు వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దుటినుంచీ నాకు కాలు నిలవలేదు. అంకెలు బాగుంటే బావ మాట నిజమైనట్టు వాళ్ళకే తెలుస్తుంది, నేను నోరు విప్పక్కర్లేదు అని ఒక మనసు. అంకెలు వచ్చాక చెబితే అది ఒప్పుకోవడం ఎలా అవుతుందని ఇంకో మనసు. మధ్యాహ్నం టీకొట్టు దగ్గర ఇద్దరే ఉన్నారు, క్రేన్ ఆపరేటరూ, రిటైరైన ఫోర్‌మన్ గారూ. ఫోర్‌మన్ గారిని మేమంతా మావా అంటాం. కూర్చోకుండానే చెప్పేశాను. జూన్ ఫలితాలు తప్పు చదివాననీ, ఏటా అదే జరుగుతోందనీ, బావ చెప్పిందే నిజమనీ, అప్పు గురించి నేనన్న మాట వట్టి కుళ్ళుతో అన్నదనీ.

క్రేన్ ఆపరేటరు నమిలే బజ్జీ ఆపాడు. "నాను అమ్మీసినాక సెప్తన్నావేటి?"

"అవును."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు అమ్మిన వారానికే."

"మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏటెట్టుకున్నావ్? మా డబ్బుల్తో తిన్న బజ్జీలేటి?"

మావ బెంచీ మీంచి లేచాడు. "కోపం తరవాత పడుదువు గాని. ఒరే, ఫలితం వచ్చిందా?"

"ఇంకా రాలేదు మావా."

"అయితే ఇప్పుడే ఎల్దాం ఐసు బావ కాడికి. మంచి కబురొచ్చాక ఎల్తే ఏటి గొప్ప? మంచొచ్చినా సెడ్డొచ్చినా ఆయన ముందే సదవాల నువ్వు."

షేర్ ఆటోలో గాజువాక వచ్చి, అక్కణ్ణుంచి హార్బర్ వైపు, పాత పోస్టాఫీసు దాకా వెళ్ళే సిటీ బస్సెక్కాం. నిలబడే చోటు దొరికింది. ఒక చేత్తో పైన రాడ్డు, ఒక చేత్తో ఫోను. మల్కాపురం దాటుతుంటే పీడీఎఫ్ పడింది.

"వచ్చింది" అన్నాను. నా గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగారు.

"సదువు మరి" అన్నాడు క్రేన్ ఆపరేటరు. నా మీద ఎంత కోపమున్నా తల మాత్రం నా ఫోను మీదకి వంచేశాడు.

బస్సు గతుకులకి అంకెలు ఎగురుతున్నాయి. పేజీ పెద్దది చేస్తే జారిపోతోంది, చిన్నది చేస్తే కనబడటం లేదు. సింధియా స్టాపులో బస్సు ఆగినప్పుడు దొరికింది ఆ వరస. మొండి బాకీలు తగ్గాయి. ఈసారి మూడో వరస కూడా చూశాను. నిరుటి సెప్టెంబర్ కంటే కూడా తగ్గాయి.

"దిగింది మావా. జూన్ మీదా దిగింది, నిరుటి మీదా దిగింది."

"సరిగ్గా సూడు."

"సూసినాను. రెండుసార్లు సూసినాను."

ఖాళీ గంపతో సీట్లో కూర్చున్న చేపలమ్మే ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఎవుడు గెలిసినాడు బాబూ?"

"మేచ్ కాదమ్మా, బేంకు లెక్కలు" అన్నాడు క్రేన్ ఆపరేటరు.

"బేంకుల్లో కూడా గెలుపూ ఓటమీ ఉంటాదేటి?"

"ఉంటాది. నాను ఓడిపోనాను, ఈడి మాట ఇని." నా వైపు వేలు చూపించాడు. ఆవిడ జాలిగా చూసింది. ఆవిడ జాలి ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం ఆ వేలి కింద నిలబడి కూడా మిగతా వరసలు చదువుతూనే ఉన్నాను. లాభం పెరిగింది గానీ పెద్దగా కాదు. డిపాజిట్ల మీద ఇచ్చే వడ్డీ పెరిగి అప్పుల మీద వచ్చే ఆదాయాన్ని తినేసింది. అయినా నా ఉత్సాహం తగ్గలేదు. బావ గెలిచాడు. ఆ అంకె ఆయన చేతిలో పెడితే చాలు, మిగతాదంతా దానంతట అదే సర్దుకుంటుందనుకున్నాను.

ఐసు ఫ్యాక్టరీలో క్రషర్ నడుస్తోంది. ఐసు దిమ్మల పొడి జారుడు గొట్టంలోంచి కింద బోటు వాళ్ళ తొట్టెల్లోకి పడుతోంది. బావ లుంగీ కట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. క్రషర్ ఆపమని చెయ్యి ఊపాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. అంతకుముందు అరిచి చెబుదామనుకున్నవన్నీ ఇప్పుడు మామూలు గొంతుతో చెప్పాల్సి వచ్చింది.

"బావా, జూన్ ఫలితాలు నాను తప్పు సదివినాను. నువ్వు సెప్పిందే రైటు. నీ అప్పు గురించి నానన్న మాట..."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఆయన కూడా అదే అడిగాడు. "వారం తిరక్కండానే."

బావ తలూపాడు. "మీ అక్క అన్నాది, ఆడికి తెలిస్తే ఒచ్చి సెప్తాడు, తెల్దు కాబట్టే రాలేదు అని. నానూ అదే అనుకున్నాను."

క్రేన్ ఆపరేటరు చెప్పులోంచి తీసిన కాలితో తడి నేల మీద గీతలు గీస్తూ, "నాను కూడా నిన్ను మాటలన్నాను. క్యాంటీన్లో" అన్నాడు.

"నువ్వన్నావు. ఈడు అనిపించినాడు" అన్నాడు బావ.

మాట మార్చాలనో, నా పని నేను చేసేయాలనో ఫోను ఆయన ముందు పెట్టాను. "సూడు బావా, దిగింది. నువ్వు సెప్పినట్టే వేట మొదలవ్వగానే వసూలైపోనాయి. అంతా వసూలే." ఆ 'అంతా' ఎక్కడా రాసి లేదు. ఆయనకి కానుకగా నేనే తగిలించాను.

బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు. అంకె చూశాడు. ఆయన మొహంలో సంతోషం కోసం వెతుకుతున్నాను నేను. ఆయన కళ్ళు చిట్లించాడు.

"ఇంత దిగదే" అన్నాడు.

"దిగింది బావా, రాసుంది కదా."

"అల్లదిగో సూడు." జెట్టీ చివర కట్టేసి ఉన్న రెండు పెద్ద బోట్లు చూపించాడు. రంగు వెలిసిపోయి, వలలు లేకుండా, పక్క బోట్ల ఊపుకి ఊరికే కదులుతున్నాయి. "అవి బందు అయిపోయాక కూడా వేటకెల్లలేదు. ఒకదానికి ఇంజను పోయింది, ఇంకొకదాని ఓనర్లు తగూలాడుకుంటన్నారు. రెండూ ఈ బేంకు అప్పే. అలాటివి ఇంకా ఎన్నున్నాయో. వాటి బాకీ ఎవుడు కట్టినాడు? కట్టకండా ఎలగ దిగింది?"

నా ఒంట్లో మళ్ళీ ఆ ఝల్లు. బెంచీ మీద అనిపించేది లాంటిది కాదు, అంతకంటే పెద్దది. ఫలితాలతోపాటు బ్యాంకు ఇంకో పీడీఎఫ్ కూడా పెడుతుంది, వివరాలతో, చాలా పేజీలది. నేనది ఎప్పుడూ చివరిదాకా చూసేవాణ్ణి కాదు. మొదటి పేజీ చదివితే టీకొట్టుకి సరిపోయేది. ఇప్పుడు పేజీలు తోసుకుంటూ పోయాను. మావ నా భుజం మీంచి చూస్తున్నాడు. "అదిగో, ఆగు, ఆ గళ్ళ పేజీ" అన్నాడు.

మొండి బాకీలు ఎంతతో మొదలయ్యాయి, కొత్తగా ఎన్ని చేరాయి, ఎన్ని తగ్గాయి, తగ్గినవి ఏ రకంగా తగ్గాయి, అన్నీ అక్కడ ఉన్నాయి. తగ్గినదాంట్లో సగానికి పైగా వసూళ్ళు. మిగిలినది రద్దు. వసూలవుతుందనే ఆశ లేక బ్యాంకు తన పుస్తకాల్లోంచి తీసేసినది. వసూలు చేసే ప్రయత్నం ఆపరు గానీ, మొండి బాకీల లెక్కలో మాత్రం అది ఇక కనబడదు.

గట్టిగా చదివాను. ఈసారి ఒక్క మాట కలపలేదు, ఒక్క వరస వదల్లేదు.

"అయితే ఇది మంచి కబురా, సెడ్డ కబురా?" అన్నాడు క్రేన్ ఆపరేటరు.

"రెండూ" అన్నాడు బావ. "బోట్లెల్లినాయి, కట్టినారు. అది మంచి. కొన్ని బోట్లు మరి లెగవు. అది సెడ్డ. బేంకు దాచలేదు, కాయితం మీదే ఎట్టింది. సదివేవోడు ఆ పేజీదాకా ఎల్లాల."

మావ నవ్వాడు. "ఒరే, నీ మాటే గెలిసిందని ఈడు పరిగెట్టుకుని ఒస్తే, నువ్వే సగం కోసీసినావు కదరా."

"లేనిది ఉందంటే రేపు మళ్ళీ నానే అంటగట్టినానంటారు."

క్రేన్ ఆపరేటరు అడిగాడు. "మళ్ళీ కొనమంటావా మరి?"

"నాను ఇంకెవుడికీ సెప్పను" అన్నాడు బావ. కోపంగా కాదు. క్రషర్ వేయమని మళ్ళీ చెయ్యి ఊపాడు. ఆ చప్పుడు మొదలయ్యేలోగా నాతో ఒక్క మాట అన్నాడు. "నాకు సెప్పితే ఏటొస్తాది? నాకు ముందే తెలుసు. ఎవుళ్ళ ముందు నవ్వించినావో ఆళ్ళకి సెప్పు."

ఆదివారం సాయంత్రం టీకొట్టు దగ్గర చెప్పాను. బెంచీ మీద కూర్చోకుండా నిలబడి, నేను చేసినదంతా వరసగా చెప్పాను. తెలిసి కూడా నోరు మూసుకున్న సంగతీ చెప్పాను. తిట్టినవాళ్ళు తిట్టారు. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సెప్టెంబర్ ఫలితాలు చదవమన్నారు. ఫోను మావ చేతికిచ్చి, మీరు చదవండి, నేను పేజీలు చూపిస్తానన్నాను. మావ తడుముకుంటూ చదివాడు. రద్దు చేసిన బాకీల దగ్గర అందరి తలలూ ఫోను మీదకి వంగాయి. ఒకడు, "ఇది ఐసు బావ పట్టుకున్నాడా?" అని అడిగాడు. అవునన్నాను.

ఇంటికొచ్చేసరికి అక్క ఫోను. జూన్ ఫలితాల గొడవ తర్వాత అదే మొదటిసారి.

"సెప్పినావంట కదా" అంది.

"సెప్పినాను."

"మీ బావ అడగమంటన్నాడు. ఆ రోజు ఉన్నోళ్ళందరూ ఒచ్చినారా అని."

"ఇద్దరు రాలేదే అక్కా. ఒకాయన రిటైరై పార్వతీపురం ఎల్లిపోయాడు. ఇంకొకాయన ఎక్కడున్నాడో ఎవుళ్ళకీ తెల్దు, నంబరు మార్చీసినాడు."

ఫోను అవతల గుసగుసలు. అక్క మళ్ళీ వచ్చింది.

"ఆళ్ళకి కూడా తెలియాల అంటన్నాడు."

పార్వతీపురం వెళ్ళి వచ్చాను. రెండో ఆయన ఆచూకీ ఇంకా దొరకలేదు. ఎక్కడున్నా ఆయన కంట పడుతుందేమోనని ఇదంతా రాశాను. జూన్ ఫలితాలు చదివిన సాయంత్రం మీరు విన్న మాట తప్పు. దాన్ని తప్పుగా చదివింది నేను. మా బావ ఎవరికీ ఏదీ అంటగట్టలేదు.